ఒక ఆవు = 256

ప్రెయిరీ డాగ్ అని పేరే గానీ అది కుక్క కాదు, ఉడత జాతి. మన ఉడత కన్నా చాలా పెద్దది, కిలో దాకా తూగుతుంది. తోక కురచ. చెట్టెక్కడం దాని వల్ల కాదు, నేలలో బొరియ తవ్వుకుని బతుకుతుంది. ప్రమాదం పసిగడితే వెనక కాళ్ళ మీద నిలబడి కుక్కపిల్లలా మొరుగుతుంది కాబట్టి, ఆ రోజుల్లో ఈ మైదానాల్లో తిరిగిన ఫ్రెంచివాళ్ళు "చిన్న కుక్క" అన్నారు. అదే నిలిచిపోయింది. శాస్త్రీయ నామమూ తక్కువేం కాదు. సైనోమిస్ అంటే గ్రీకులో కుక్కెలుక అని. నవ్వుకోవడానికి మనకి హక్కు లేదు లెండి, పందికొక్కు అని పేరు పెట్టుకున్న జాతి మనది. అన్నట్టు ఇంగ్లీషులో బ్యాండికూట్ అనే మాట మన పందికొక్కు నుంచి వెళ్ళిందే. ఓడలెక్కి ఆస్ట్రేలియా దాకా పోయి, అక్కడ ఏ సంబంధమూ లేని ఇంకో జంతువుకి అంటుకుంది. ప్రపంచానికి తెలుగు ఇచ్చిన మాటల్లో బాగా తిరిగొచ్చిన మాట ఇదేనేమో అనిపిస్తుంది నాకు.

మేముండేది కొలరాడోలో, లాంగ్‌మాంట్ ఊరికి తూర్పున, వెల్డ్ కౌంటీ పొలాల మధ్య. రెండెకరాల స్థలం, ఒక పాత ఇల్లు. స్థలం చివర తీగ కంచె, దానికవతల పక్కాయన గడ్డి పొలం. కంచెకి రెండు వైపులా కలిపి ప్రెయిరీ డాగ్‌ల ఊరుంది. "ఊరు" నా ముద్దుమాట కాదు, ఇంగ్లీషులో కూడా టౌన్ అనే అంటారు. నా పని ఇంట్లోంచే కాబట్టి కాన్ఫరెన్స్ కాల్స్‌లో సగం సేపు కిటికీలోంచి వీటినే చూస్తుంటాను. చూస్తూ చూస్తూ వీటి గురించి చదవడం మొదలుపెట్టాను. ఉడతల గురించి చదువుతున్నాననుకుంటే అది చివరికి మా అవ్వ వాళ్ళమ్మ కథ దగ్గరికి తీసుకెళ్ళింది. ఎలాగో చెబుతాను.

రాతలో వీటి చరిత్ర ఒక హాస్య సన్నివేశంతో మొదలవుతుంది. 1804 సెప్టెంబరు 7. ప్రెసిడెంట్ జెఫర్సన్ పంపిన లూయిస్, క్లార్క్ దళం మిస్సోరీ నదికి ఎదురెక్కి పోతూ, ఇప్పటి నెబ్రాస్కాలో ఒకచోట ఈ ఊరిని చూసింది. ఒకదాన్ని ప్రాణంతో పట్టుకోవాలని సరదా పుట్టింది. ఆరడుగులు తవ్వారు, కర్ర దింపి చూస్తే సగం లోతుకి కూడా రాలేదని తేలింది. సరే అని నది నుంచి నీళ్ళు మోసి పొయ్యడం మొదలెట్టారు. ఒక బొరియలో ఐదు పీపాల నీళ్ళు పోసినా నిండలేదట. ఖండాన్ని కొలవడానికి బయల్దేరిన దళం దాదాపు మొత్తం, ఒక రోజంతా, ఉడత బొరియలో నీళ్ళు పోస్తూ గడిపింది! చివరికి ఒకటి దొరికింది.

మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ఒక ప్రెయిరీ డాగ్‌ని, కొన్ని పక్షుల్ని బోనుల్లో పెట్టి జెఫర్సన్‌కి పంపారు. పడవలో సెయింట్ లూయిస్, అక్కణ్ణించి న్యూ ఆర్లీన్స్, అక్కణ్ణించి సముద్రం మీద బాల్టిమోర్, చివరికి వాషింగ్టన్. నాలుగు నెలలు. దారిలో చాలా పక్షులు చచ్చిపోయాయి, ప్రెయిరీ డాగ్ మాత్రం బతికే చేరింది. దాన్ని ఫిలడెల్ఫియాలో పీల్ మ్యూజియంకి ఇచ్చారు. అంటే అమెరికా ప్రభుత్వానికీ ఈ జంతువుకీ పరిచయం ముచ్చటగానే మొదలైంది. తర్వాతి కాలంలో అదే ప్రభుత్వం విషం కలిపిన గింజలు పంచింది.

ఆ సంగతికి ముందు బొరియ గురించి కొంచెం చెప్పాలి. మామూలుగా రెండు మూడు మీటర్ల లోతుంటుంది, లోపల పొడవు ముప్పై మీటర్ల దాకా పోవచ్చు. పిల్లలకో గది, నిద్రకో గది, పైకి దగ్గరగా చిన్న అర, బయట ఎవరున్నారో చెవొగ్గి వినడానికి. నాకు నచ్చింది దాని గాలి ఏర్పాటు. బొరియకి రెండు వాకిళ్ళుంటే ఒక దాని చుట్టూ మట్టి గుండ్రంగా, పల్లంగా ఉంటుంది. రెండో దాని చుట్టూ ఎత్తుగా, అంచు పదునుగా, అగ్నిపర్వతం మూతిలాగా ఉంటుంది. ఆ తేడా వల్ల పైన గాలి వీచినప్పుడు ఎత్తు వాకిలి లోపలి గాలిని బయటికి లాగుతుంది, పల్లం వాకిలి నుంచి కొత్త గాలి లోపలికి పోతుంది. దీన్ని 1973లో స్టీవెన్ వోగెల్, ఇంకో ఇద్దరు కొలిచి రాశారు. గంటకి ఒకటిన్నర కిలోమీటర్ల గాలి, అంటే ఆకు కూడా సరిగ్గా కదలని గాలి చాలు, పది నిమిషాలకోసారి లోపల గాలంతా మారిపోతుంది. మా వైపు మట్టి మిద్దెలకి గవాచి పెట్టడం లాంటిదే, కాకపోతే ఇది కరెంటు లేని ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా.

ఇంత కష్టపడి కట్టుకున్న ఇంట్లో అది ఒక్కటే ఉంటుందనుకుంటే పొరపాటు. చీమల పుట్టలో పాములు చేరే సామెత మనకి తెలిసిందే. ఇక్కడా పాములు చేరతాయి, గిలక పాములు. కుందేళ్ళు దూరతాయి, సాలమండర్లు దూరతాయి. అన్నిటికన్నా వింత, నేలలో కాపురముండే గుడ్లగూబ. జానెడు పక్షి, పొడుగు కాళ్ళు, పగలే తిరుగుతుంది. దీనికి సొంతంగా తవ్వుకునే ఓపిక సాధారణంగా ఉండదు, ఖాళీ అయిన బొరియ చూసుకుని దిగుతుంది. గుమ్మం చుట్టూ పేడ ముక్కలు తెచ్చి పరుస్తుంది. పేడ పురుగులు వాసన పట్టుకుని వస్తాయి, ఇది గుమ్మంలోనే కూర్చుని తింటుంది! పిల్లల్ని కదిలిస్తే బొరియ లోపల్నుంచి అచ్చం గిలక పాములా బుస కొడతాయి. మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు వీటిని చూసి, ఇంటి దగ్గర గుడ్లగూబ ఏంటిరా, ఎవరికైనా చెప్పి తీయించెయ్ అంది. వారం రోజుల తర్వాత పొద్దున కాఫీ గ్లాసుతో కిటికీ దగ్గర కూర్చుని, పిల్లలు ఐదా ఆరా అని లెక్కపెట్టడం మొదలెట్టింది.

సరే, చరిత్రలోకి. 1870లూ 1880ల్లో ఈ మైదానాల నుంచి బైసన్ మందల్ని దాదాపు తుడిచిపెట్టేశారు. వాటి స్థానంలో ఆవులొచ్చాయి, మరీ ఎక్కువగా వచ్చాయి. 1886-87 చలికాలం మంచు తుఫాన్లలో ఆ ఆవులు గుట్టలు గుట్టలుగా చచ్చిపోయి ఎందరో రాంచర్లు మునిగిపోయారు. మిగిలినవాళ్ళకి గడ్డిపోచ కూడా లెక్కే. ఇక్కడే ఒక తిరకాసుంది. ప్రెయిరీ డాగ్‌కి పొట్టి గడ్డి కావాలి, ఎందుకంటే తోడేలు జాతి కొయొటీ వస్తుంటే దూరం నుంచే కనబడాలి. ఆవులు ఎంత కొరికితే నేల దీనికి అంత అనుకూలం. ఆవులే వీటికి చోటు చేశాయి, ఆ తర్వాత ఆవుల నోటి దగ్గర గడ్డి తింటున్నాయని నేరం వీటి మీద పడింది.

ఆ నేరానికి అంకె ఇచ్చినవాడు సి. హార్ట్ మెరియం. సామాన్యుడు కాదు, అమెరికా వ్యవసాయ శాఖలో బయలాజికల్ సర్వే అధిపతి, పెద్ద శాస్త్రవేత్త. ఆ శాఖ 1901 వార్షిక గ్రంథంలో ఆయన ఇచ్చిన లెక్క ఇది: 32 ప్రెయిరీ డాగ్‌లు తినే గడ్డి ఒక గొర్రెకి సరిపోతుంది, 256 తినే గడ్డి ఒక ఆవుకి. 256! నాలాంటివాడికి ఈ అంకె కనబడితే చాలు, రెండు ఎనిమిదో ఘాతం, ఒక బైటు, అని బుర్ర వెలుగుతుంది. ఒక ఆవుకి ఎనిమిది గొర్రెలు, ఒక గొర్రెకి 32 ప్రెయిరీ డాగ్‌లు. అంత గుండ్రంగా ఉన్న లెక్కని చూస్తే నాకైతే అనుమానమే వస్తుంది. ప్రకృతి రెండు ఘాతాల్లో తినదు.

కానీ అంకెకున్న బలం అది. ఒకసారి పడ్డాక దాని మీద ఇంకో అంకె కట్టొచ్చు. 1905లో అదే సర్వేకి చెందిన వెర్నన్ బెయిలీ టెక్సస్ మీద నివేదిక రాస్తూ, అక్కడ ఒకే ఒక్క ఊరు 100 మైళ్ళ వెడల్పు, 250 మైళ్ళ పొడవు ఉందన్నాడు. అంటే 25,000 చదరపు మైళ్ళు. మన పాత నాలుగు రాయలసీమ జిల్లాలూ కలిపితే దానికన్నా కాస్త పెద్దవి, అంతే. అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు జిల్లాలంతటా విడవకుండా బొరియలే అనుకోండి, దాదాపు అదీ ఆ ఊరు. అందులో 40 కోట్ల ప్రెయిరీ డాగ్‌లు ఉంటాయని అంచనా. 40 కోట్లని 256తో భాగిస్తే 15,62,500. అన్ని ఆవుల మేత ఇవి మేసేస్తున్నాయి! ఈ భాగహారం చూసిన ఏ రాంచర్‌కైనా ఏమనిపిస్తుంది? గడ్డి కింద దాచిన పదిహేను లక్షల ఆవులు కనబడతాయి.

ఆ లెక్క ఎంత నిజం? ప్రెయిరీ డాగ్‌లు గడ్డి తినవని ఎవరూ అనరు. బాగానే తింటాయి, తినని మొక్కల్ని కూడా అడ్డం లేకుండా కొరికి పారేస్తాయి. కానీ నష్టాన్ని ఇలా భాగహారంతో చెప్పలేం. అవి కొరికిన చోట మళ్ళీ మొలిచే చిగురులో మాంసకృత్తులు ఎక్కువ, బైసన్లు వెతుక్కుని అక్కడికే వచ్చి మేస్తాయి. 2006లో కొలరాడో ఈశాన్యపు పొట్టిగడ్డి నేలల్లో చేసిన కొలతలు అచ్చయ్యాయి. పశువుల బీడులో 20 శాతం మేర ప్రెయిరీ డాగ్‌లు ఆక్రమిస్తే పశువుల బరువు పెరుగుదల ఐదారు శాతం తగ్గింది. 60 శాతం ఆక్రమిస్తే 14 శాతం తగ్గింది. నష్టం ఉంది, కానీ ఆక్రమించిన నేలతో సమానంగా లేదు, చాలా తక్కువ. మెరియం అయితే నేల ఫలం సగం నుంచి ముప్పాతిక దాకా పోతుందన్నాడు. ఆయన లెక్కకీ ఈ కొలతకీ మధ్య వందేళ్ళు గడిచాయి. ఆ వందేళ్ళలో జరగాల్సింది జరిగిపోయింది.

జరిగిందేమిటంటే విషం. స్ట్రిక్నిన్ పట్టించిన ఓట్లు, గింజలు బొరియల దగ్గర చల్లారు. మొదట రాష్ట్రాలు, తర్వాత కేంద్ర ప్రభుత్వం. 1931 మార్చి 2న కాంగ్రెస్ చేసిన చట్టంలో తోడేళ్ళు, కొండ సింహాలతో పాటు ప్రెయిరీ డాగ్ పేరు కూడా రాసి మరీ పెట్టారు. విషం తిన్నవాటిని తిన్నవీ చచ్చేవి: గద్దలు, నక్కలు, ఎవరి కుక్కో. 1972లో నిక్సన్ ప్రభుత్వ భూముల్లో ఇలాంటి విషాలకి కళ్ళెం వేస్తూ ఉత్తర్వు ఇచ్చేసరికి, ఒకప్పుడు కెనడా నుంచి మెక్సికో దాకా ఉన్న ఊళ్ళలో నూటికి రెండు మూడు వంతుల నేల కూడా మిగల్లేదు. విషానికి తోడు నాగలి కూడా పనిచేసింది, అది వేరే కథ.

అందరికన్నా ఎక్కువ నష్టపోయింది నల్లకాళ్ళ ఫెరెట్ అనే ముంగిస లాంటి జంతువు. దాని తిండిలో తొంభై పాళ్ళు ప్రెయిరీ డాగే, ఇల్లు కూడా దాని బొరియే. 1979లో బోనులో ఉన్న చివరిది చచ్చిపోయాక ఇక లేదనుకున్నారు. 1981 సెప్టెంబరులో వ్యోమింగ్‌లో మీటీట్సీ అనే ఊరి దగ్గర షెప్ అనే రాంచ్ కుక్క ఒకదాన్ని చంపి తెచ్చి గుమ్మంలో పడేసింది. అలా తెలిసింది ఇంకా ఉన్నాయని! అవీ జబ్బులతో రాలిపోతుంటే 1987 కల్లా ఆఖరి 18ని పట్టి లోపల పెట్టి పెంచారు. 1988లో దాచిన కణాల నుంచి 2020 డిసెంబరులో ఒకదాన్ని క్లోన్ కూడా చేశారు, అది పుట్టింది మా ఇంటికి గంట దూరంలోనే. ఇన్ని కోట్లు పోసి క్లోన్ చేసిన జంతువుని వదలడానికి బొరియలున్న నేల వెతుక్కోవలసి వస్తోంది. ఆ బొరియల్ని విషం పెట్టి తీసేసిన డబ్బూ ప్రభుత్వానిదే, ఈ డబ్బూ ప్రభుత్వానిదే.

ఆ ఫెరెట్లని చంపిన జబ్బుల్లో ఒకటి కుక్కలకొచ్చే డిస్టెంపర్. వాటి ఆహారమైన ప్రెయిరీ డాగ్‌లని ఊళ్ళకి ఊళ్ళు తినేసిన రెండోది ప్లేగు. ఇక్కడే నేను చదువుతున్నవాణ్ణి ఆగిపోయాను. ప్లేగు మన జబ్బు కదా, అమెరికా ఉడతకి ఎలా వచ్చింది?

ఓడలో వచ్చింది. 1894లో హాంకాంగ్‌లో ప్లేగు పెచ్చుమీరింది, అలెగ్జాండర్ యెర్సిన్ దాని సూక్ష్మజీవిని కనిపెట్టింది అక్కడే. 1896లో అది బొంబాయికి దిగింది. 1898లో రైలెక్కి బెంగళూరుకి వచ్చింది. అదే ఏడాది కరాచీలో పాల్-లూయి సీమోన్ అనే ఫ్రెంచి డాక్టరు ఇది ఎలుక మీది గోమారి లాంటి చిన్న పురుగు, ఈగ కాదు దోమ కాదు, ఎగిరి దూకే ఫ్లీ ద్వారా పాకుతుందని చూపించాడు. చాలామంది నమ్మలేదు, నమ్మడానికి మరో పదేళ్ళు పట్టింది. ఈలోగా, మొత్తం మీద, మన దేశంలో కోటి మందికి పైగా పోయారు.

మాది హిందూపురం వైపు. బెంగళూరు పక్కనే అన్నట్టు. మా అవ్వ చెప్పేది, వాళ్ళమ్మ చిన్నతనంలో ఇంట్లో ఎలుక చచ్చి పడితే మాటల్లేవు, ఆ సాయంత్రానికి మూటాముల్లే కట్టుకుని ఊరి బయట పొలాల్లో గుడిసెలు వేసుకునేవాళ్ళని. ఇంటికి తాళం వేసి, వాకిలికి కంప కొట్టి, నెలల తరబడి చేన్లోనే వంట, చేన్లోనే పడక. అలా వెళ్ళిన ఒక ఏడాది తిరిగి ఊళ్ళోకి వచ్చేసరికి వాళ్ళమ్మకి అన్న లేడు. దాని గురించి ఆమె ఎప్పుడూ ఎక్కువ చెప్పేది కాదట, ఎలుక చప్పుడు లేని రాత్రి మాత్రం నిద్రపోయేది కాదట. ఎలుకలు పరిగెడుతుంటే ధైర్యం, చప్పుడు ఆగితే భయం. చిన్నప్పుడు ఇది విని మాకు నవ్వొచ్చేది. బెంగళూరులో ప్లేగమ్మ గుళ్ళు ఇప్పటికీ ఉన్నాయి.

అదే జబ్బు 1900లో శాన్‌ఫ్రాన్సిస్కో రేవులో దిగింది. మొదట చైనాటౌన్ మీద నెపం పెట్టారు, తర్వాత అసలు జబ్బే లేదని దాచారు (వ్యాపారం దెబ్బతింటుందని, ఆ తీరు ఎక్కడైనా ఒకటే). 1908 కల్లా అది ఊరి ఎలుకల నుంచి కాలిఫోర్నియా నేల ఉడతలకి పాకిందని తేలింది. ఇక ఓడలతో, రేవులతో పనిలేదు. ఉడత నుంచి ఉడతకి, కొండ దాటి, ఎడారి దాటి, 1940ల కల్లా రాకీ పర్వతాలకి ఇవతలున్న ఈ మైదానాలకి చేరింది. ఇక్కడి ప్రెయిరీ డాగ్‌లకి తరతరాలుగా దీని పరిచయమే లేదు. ప్లేగు తగిలిన ఊళ్ళో నూటికి తొంభై ఐదుకి పైగా చచ్చిపోతాయి. వారం క్రితం గోలగోలగా ఉన్న ఊరు ఒక్కసారి నిశ్శబ్దమైపోతుంది. ఇక్కడి రైతులు కూడా అదే మాట చెబుతారు: మొరుగుడు ఆగిందంటే పిల్లల్నీ కుక్కల్నీ అటు పోనివ్వొద్దు అని. మా అవ్వ వాళ్ళమ్మ కొలరాడోలో ఉంటే ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

భయపడాల్సినంత ఉందా? అమెరికా మొత్తం మీద ఏడాదికి సగటున ఏడుగురికి ప్లేగు వస్తుంది, ఎక్కువమంది న్యూ మెక్సికో, ఆరిజోనా, కొలరాడోల్లోనే. సకాలంలో పట్టుకుంటే మామూలు యాంటీబయాటిక్స్‌తో తగ్గుతుంది. 2019 ఆగస్టులో డెన్వర్ పక్కన రాకీ మౌంటెన్ ఆర్సెనల్ అభయారణ్యంలో ప్రెయిరీ డాగ్‌లకి ప్లేగు వస్తే, బొరియల్లో ఫ్లీలని చంపే పొడి కొట్టి, కొన్నాళ్ళు జనాన్ని రానివ్వలేదు. మేం కుక్కకి నెలనెలా ఫ్లీ మందు వేస్తాం, మావాడికి చచ్చినదాన్ని ముట్టుకోకూడదని, అది కనిపిస్తే వచ్చి చెప్పాలని నేర్పాం. ఈ నేలలో ఇల్లు కట్టుకున్నాక ఇది చెయ్యాల్సిన పని.

ఇప్పుడు మా కంచె సంగతి. పక్కాయనకి డెబ్భై దాటింది, తాత నాటి నుంచి అదే పొలం. అల్ఫాల్ఫా గడ్డి కోసి మోపులు కట్టి అమ్ముతాడు. మట్టి దిబ్బలు తగిలి కోత యంత్రం బ్లేడ్లు పోతున్నాయి, కాలవ గట్టుకి బొరియలు పడి నీళ్ళు కారిపోతున్నాయి. ఆయన చెప్పేది కల్పన కాదు, నేనే చూశాను. ఈ వసంతంలో ఆయన వచ్చి, రెండు వైపులా ఒకేసారి గ్యాస్ పెట్టిద్దాం, ఖర్చు చెరి సగం అన్నాడు. ఒక్క వైపే చంపితే లాభం లేదు, రెండో వైపువి నెల తిరక్కుండా ఖాళీ బొరియల్లో దిగుతాయి. అందుకే నా సంతకం కావాలి.

ఆ గ్యాస్ మనకి తెలియనిదేం కాదు. అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు, మన ఊళ్ళలో ధాన్యం గిడ్డంగుల్లో పెట్టేవే. తేమ తగిలితే విషవాయువు వదులుతాయి. అయితే 2010 నుంచి ఇక్కడ ఇళ్ళ స్థలాల్లో వాటిని వాడటం నిషిద్ధం, యూటాలో ఒక ఇంటి పక్కన వాడితే ఇద్దరు చిన్నపిల్లలు పోయాక. కాబట్టి మా వైపు కార్బన్ మోనాక్సైడ్ పంపే యంత్రం తేవాలి. పట్టుకుని వేరే చోట వదిలేద్దామా అంటే, 1999 కొలరాడో చట్టం ప్రకారం ఒక కౌంటీ నుంచి ఇంకో కౌంటీకి వీటిని తరలించాలంటే వెళ్ళే చోటి కౌంటీ కమిషనర్లు ఒప్పుకోవాలి. వాళ్ళు ఎందుకు ఒప్పుకుంటారు? హెచ్‌-1 కోటాయే నయం.

నాకు ఆ వారమంతా గుర్తొస్తూ ఉన్నది మా ఊరి శెనక్కాయ చేన్లు. చెట్టు పీకి, కాయ ఒలిచి, పరిగె కూడా ఏరేశాక, చేన్లో ఇంకో కోత ఉండేది. భూమి లేనివాళ్ళు చిన్న పారలు పట్టుకుని ఎలుక బొక్కలు తవ్వేవాళ్ళు. ఎలుక దాచుకున్న కాయలు ఒక్కో బొక్కలో శేర్లకి శేర్లు దొరికేవి, కరువు ఏడాది అదే వాళ్ళకి పంట. ఆ కాయల్లో రైతు వాటా అడిగేవాడు కాదు. నెల్లూరు వైపు యానాదులు వరి మళ్ళలో కుండతో పొగ పెట్టి ఎలుకల్ని పట్టి, కన్నంలోని వడ్లు తీసుకునేదీ ఇలాగే. ఎలుక రైతుకి దొంగే. కానీ దాని బొక్కలో ఉన్నది దాని ఒక్కదానిదే కాదని ఊరికి తెలుసు. మెరియం గారి లెక్కలో లేనిది ఇదే. ఒక ఆవు సమానం 256 ప్రెయిరీ డాగ్‌లు అని రాసినప్పుడు, ఆ సమీకరణంలో గుడ్లగూబ ఏ వైపు వస్తుందో, ఫెరెట్ ఏ వైపు వస్తుందో ఆయన రాయలేదు.

నేను పక్కాయనతో ఆ ప్రసంగమంతా చెయ్యలేదు. మా వైపు గ్యాస్‌కి సంతకం పెట్టనన్నాను. ఆయన వైపు కూడా గుడ్లగూబలు పిల్లలతో ఉన్నాయి కాబట్టి, 1918 నాటి వలస పక్షుల చట్టం కింద ఇప్పుడు ఆ బొరియల జోలికి పోతే ఇద్దరికీ చిక్కేనని, అవి చలికాలానికి దక్షిణానికి వెళ్ళేదాకా ఆగమని అడిగాను. 14 శాతం లెక్క కూడా చెప్పాను. ఆయన టోపీ తీసి తల గోక్కుని, ఆ 14 శాతం బ్యాంకువాడికి నువ్వు చెబుతావా అన్నాడు. నా దగ్గర దానికి జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

చివరికి కుదిరింది ఇది. గుడ్లగూబలు వెళ్ళాక ఆయన పొలంలో ఆయన ఏం చేసుకున్నా నేను అడ్డం రాను. నా వైపువి నా వైపే ఉండేట్టు హద్దు పొడుగునా అవతల ఏముందో కనబడని వినైల్ తడిక నేను వేయించాలి, దాని ముందు పొడుగు గడ్డి నేను పెంచాలి. చూపు ఆనని చోటికి పోవడం వీటికి ఇష్టం ఉండదు కాబట్టి చాలావరకు ఆగుతాయంటారు. అయినా దాటినవి దాటితే ఆయన ఇష్టం. ఖర్చు మొత్తం నాది. వసంతంలో పిల్లలు పుట్టేలోపు పని పూర్తి కావాలి. గుంజలకి గుంతలు తవ్వే యంత్రం అద్దెకి తెచ్చుకుంటావా ఏంటి, నా ట్రాక్టర్‌కి ఉన్నది ఇస్తాను పట్టుకెళ్ళు అన్నాడు ఆయన. డీజిల్ మాత్రం నన్నే పోయించుకోమన్నాడు.